ఎప్పుడూ తెరిచి ఉండే ఐఎస్‌డీఎన్ లైను: ఏ చానెల్ ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలి

బ్రిటన్‌లో పాత రాగి టెలిఫోన్ నెట్‌వర్కుకు 2027 జనవరి గడువు పెట్టారు. దానితోపాటే, ఆ రాగి తీగల మీదే మాటలనూ డేటానూ డిజిటల్ రూపంలో మోసే ఐఎస్‌డీఎన్ కూడా పోతుంది. జపాన్‌లో టెలిఫోన్ సంస్థ ఎన్‌టీటీ తన ఐఎస్‌డీఎన్ డేటా సేవకు 2024 జనవరిలో తెర దించింది. ఆ లైన్ల మీద ఉన్న కార్డు మెషీన్లు, అలారాలు, శాఖా కార్యాలయాల రూటర్లను ఫైబర్ మీదికి మార్చే పనిలో ఉన్నవాళ్లకు పాత కాన్ఫిగరేషన్లలో ఒక మాట తరచూ ఎదురవుతోంది. అది ‘ఆల్వేస్ ఆన్’. ఇలాంటి పని హైదరాబాద్‌లో కూర్చుని చేస్తున్నవాళ్లూ ఉన్నారు.

నేటి బ్రాడ్‌బ్యాండ్‌కు అలవాటుపడిన వాళ్లకు ఈ మాట వినగానే 64 కిలోబిట్ల లైను రోజంతా పూర్తి వేగంతో తెరిచే ఉంటుందనిపిస్తుంది. అసలు సంగతి వేరు. ఐఎస్‌డీఎన్‌లో ఎప్పుడూ తెరిచి ఉండేది సన్నటి సందు ఒక్కటే. పెద్ద దారులు అవసరం పడినప్పుడే తెరుచుకుంటాయి, తెరిచిన ప్రతి నిమిషానికీ బిల్లు పడుతుంది. బ్యాండ్‌విడ్త్ నిర్వహణ అంటే ఇక్కడ ఆ తలుపులు తెరిచే, మూసే వేళలు నిర్ణయించడమే.

ఒక జత తీగ మీద మూడు దారులు

ఇళ్లకు, చిన్న ఆఫీసులకు ఇచ్చే ఐఎస్‌డీఎన్ కనెక్షన్‌ను బేసిక్ రేట్ లేదా బీఆర్ఐ అంటారు. అందులో రెండు బీ చానెళ్లు, ఒక డీ చానెల్ ఉంటాయి. బీ చానెల్ ఒక్కొక్కటి సెకనుకు 64 కిలోబిట్లు, డీ చానెల్ 16 కిలోబిట్లు. మొత్తం కలిపి 144. తీగ మీద నిజంగా నడిచేది 160 కిలోబిట్లు, ఎందుకంటే వరస కుదర్చడానికీ నిర్వహణకూ మరో 16 కావాలి. పెద్ద ఆఫీసులకు ఇచ్చే ప్రైమరీ రేట్, అంటే పీఆర్ఐ, మన దేశంలోనూ ఐరోపాలోనూ 30 బీ చానెళ్లు, ఒక డీ చానెల్‌గా వస్తుంది. అమెరికా, జపాన్‌లలో బీ చానెళ్లు 23. పీఆర్ఐలో డీ చానెల్ కూడా 64 కిలోబిట్లే.

బీ చానెల్ అంటే ఎక్స్ఛేంజిలో ఒక సర్క్యూట్. మాట్లాడినా, డేటా పంపినా, ఊరికే పట్టుకుని కూర్చున్నా కాల్ కాలే. డీ చానెల్ సంగతి అలా కాదు. ‘ఈ నంబరుకు కాల్ చెయ్యి’, ‘నీకు కాల్ వస్తోంది’, ‘పెట్టేశారు’ లాంటి కబుర్లు మోయడం దాని పని. ఆ కబుర్లు ఎప్పుడు వస్తాయో తెలియదు కాబట్టి అది రోజంతా మేలుకునే ఉంటుంది. అయితే ఆ కబుర్లు చాలా చిన్నవి. కాల్ ఎత్తేటప్పుడు, దించేటప్పుడు కొన్ని పదుల బైట్లు పోతాయి, మిగతా సమయమంతా 16 కిలోబిట్లు ఖాళీగానే ఉంటాయి.

ఆ ఖాళీని వాడుకోవడమే ఎప్పుడూ తెరిచి ఉండే ఐఎస్‌డీఎన్ వెనకున్న ఆలోచన. 1990ల మధ్యలో పరికరాల తయారీదారులు కలిసి దీనికి ‘ఆల్వేస్ ఆన్ డైనమిక్ ఐఎస్‌డీఎన్’ అని పేరు పెట్టారు. డీ చానెల్ మీద ఎక్స్.25 ప్యాకెట్ సేవ, అంటే డేటాను చిన్న ముక్కలుగా పంపే పాత పద్ధతి, 9.6 కిలోబిట్ల వరకు నడుస్తుంది. దాని మీద, రెండు కొసల మధ్య ఐపీ డేటా మోసే పీపీపీ కనెక్షన్ ఒకటి నిలబెట్టి, ఇంటర్నెట్ సంస్థకూ వాడకందారుకూ మధ్య ఆ ముడి ఊడకుండా చూస్తారు. మెయిల్ వచ్చిందన్న కబురు, చిన్న సందేశం, కార్డు లావాదేవీ ఆ సందులోనే వెళ్లిపోతాయి. పెద్ద ఫైలు వస్తే ఒక బీ చానెల్ ఎత్తుతారు, చాలకపోతే రెండోది. పని అయ్యాక రెండూ దించేస్తారు, డీ చానెల్ మీది ముడి మాత్రం అలాగే ఉంటుంది.

ఇందులో వేగం కంటే విలువైనది ఐపీ చిరునామా. మామూలు డయలప్‌లో కాల్ తెగితే చిరునామా పోతుంది, తెరిచి ఉన్న సెషన్లన్నీ విరుగుతాయి. ఇక్కడ బీ చానెళ్లు ఎన్నిసార్లు వచ్చిపోయినా చిరునామా మారదు. అవతలి సర్వరు తనంతట తానుగా ఇవతలి కంప్యూటర్‌ను పలకరించవచ్చు కూడా.

ఎనిమిది ఒకట్లు, పది ఒకట్లు

డీ చానెల్‌లోకి డేటా ప్యాకెట్లను దూరిస్తే అసలు సిగ్నలింగ్ ఆగిపోదా అన్న సందేహం సహజం. దీనికి ప్రమాణంలోనే చక్కటి ఏర్పాటుంది. ఇంట్లోని ఐఎస్‌డీఎన్ బస్ (పరికరాలన్నీ పంచుకునే తీగ) మీద ఎనిమిది పరికరాల వరకు తగిలించవచ్చు. అన్నిటికీ డీ చానెల్ ఒక్కటే. మాట్లాడదలచుకున్న పరికరం ముందు వినాలి. అవతలి నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని బిట్లలో వరసగా కొన్ని ‘ఒకట్లు’ కనిపిస్తే చానెల్ ఖాళీ అని అర్థం. సిగ్నలింగ్ పంపేవాడు ఎనిమిది ఒకట్లు లెక్కపెడితే చాలు. ప్యాకెట్ డేటా పంపేవాడు పది లెక్కపెట్టాలి. అందువల్ల ఇద్దరూ ఒకేసారి కాచుకుని ఉంటే కాల్ కబురే ముందు బయల్దేరుతుంది. ఒకసారి పంపగలిగిన పరికరం మరుసటి సారి ఒక ఒకటి ఎక్కువ లెక్కపెట్టాలి, అంటే తొమ్మిది లేదా పదకొండు. ఒక్కడే చానెల్‌ను ఆక్రమించకుండా పక్కవాడికీ వంతు దక్కాలని ఈ నియమం.

అయితే ప్యాకెట్ బయల్దేరాక దాన్ని మధ్యలో ఆపలేరు. ఎక్స్.25లో మామూలు ప్యాకెట్ సైజు 128 బైట్లే కావడం ఇక్కడ మేలు. 1,500 బైట్ల ఐపీ ప్యాకెట్ ఒకటి వస్తే 12 ముక్కలవుతుంది. 9.6 కిలోబిట్ల మీద అది దాటడానికి సెకనుంబావు పడుతుంది. దాని వెనక చిన్న ప్యాకెట్ ఉంటే ఆ సెకనుంబావూ వేచి ఉండాల్సిందే. డీ చానెల్ మీద ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, తగ్గించి పెట్టమనడం ఇందుకే.

ఒక ఫైలు, మూడు లెక్కలు

10 లక్షల బైట్ల ఫైలు ఒకటి దించుకోవాలి అనుకుందాం. అంటే 80 లక్షల బిట్లు. హెడర్ల భారం పక్కన పెడితే డీ చానెల్ మీద 833 సెకన్లు, దాదాపు 14 నిమిషాలు. ఒక బీ చానెల్ మీద 125 సెకన్లు. రెండిటి మీద 62.5 సెకన్లు.

ఇప్పుడు బిల్లు. ప్రతి చానెల్‌కు, మొదలైన ప్రతి నిమిషానికీ ఒక యూనిట్ అనుకుంటే, ఒక బీ చానెల్ 125 సెకన్లు నడిచింది కాబట్టి మూడు యూనిట్లు. రెండు చానెళ్లు 62.5 సెకన్లు నడిచాయి, అంటే ఒక్కోదానికి రెండు చొప్పున నాలుగు యూనిట్లు. రెండో నిమిషంలోకి రెండున్నర సెకన్లు జారినందుకు ఒక యూనిట్ అదనం.

అదే ఫైలు 9 లక్షల బైట్లయితే? ఒక చానెల్ మీద 112.5 సెకన్లు, రెండు యూనిట్లు. రెండు చానెళ్ల మీద 56.25 సెకన్లు, ఒక్కోదానికి ఒకటి, మొత్తం రెండే. సగం సమయంలో పని అయిపోయింది, ఖర్చు పెరగలేదు. ‘రెండో చానెల్ ఎత్తితే ఖర్చు రెట్టింపు’ అనే మాట తప్పు, ‘ఖర్చు సమానమే’ అనే మాటా పూర్తిగా నిజం కాదు. యూనిట్ పొడవు ఎంత, కాల్ యూనిట్‌లో ఎక్కడ ముగిసింది అన్న దాన్ని బట్టే లెక్క తేలుతుంది.

దించేటప్పుడూ ఇదే తర్కం. నిమిషం మొదలై పది సెకన్లే అయ్యాక చానెల్ దించితే మిగతా 50 సెకన్ల డబ్బు వృథా. ఐరోపా ఐఎస్‌డీఎన్‌లో కాల్ నడుస్తుండగానే చార్జి సమాచారం డీ చానెల్ మీద అందించే సేవ ఉంది. తెలివైన రూటర్లు దాన్ని చూసి, లైను ఖాళీ అయినా తర్వాతి యూనిట్ పడబోయే ముందు క్షణం దాకా ఆగి అప్పుడు పెట్టేసేవి. ఆ మధ్యలో మరో పని వస్తే కొత్త కాల్ అక్కర్లేదు.

ఎత్తే గీత, దించే గీత

చానెల్ నిండిందని రూటర్‌కు తెలిసేది సగటు లోడ్‌ను చూసి. సిస్కో రూటర్లలో ఈ పరిమితిని 1 నుంచి 255 వరకు ఉండే అంకెతో ఇస్తారు. 128 అంటే దాదాపు సగం. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి, అవి రెండు రకాలు.

మొదటిది సగటు తీసే వ్యవధి. అదే రూటర్లలో అప్రమేయంగా అది ఐదు నిమిషాలు. ఖాళీగా ఉన్న చానెల్ ఒక్కసారిగా నూటికి నూరు నిండితే, కొత్త కొలతలకు ఎక్కువ బరువిచ్చే ఐదు నిమిషాల కదిలే సగటు సగానికి చేరడానికి సుమారు 208 సెకన్లు పడుతుంది. పైన చెప్పిన ఫైలు ఒక చానెల్ మీదే 125 సెకన్లలో అయిపోతుంది. అంటే రెండో చానెల్ ఎప్పటికీ రాదు. ‘మల్టీలింక్ (చానెళ్లను కలిపి వాడే ఏర్పాటు) పెట్టాను, రెండో చానెల్ లేవడం లేదు’ అనే ఫిర్యాదులో చాలాసార్లు కారణం ఇదే. వ్యవధిని 30 సెకన్లకు తగ్గిస్తే 21 సెకన్లలోనే గీత దాటుతుంది. దిగేటప్పుడూ అంతే. ట్రాఫిక్ పూర్తిగా ఆగాక సగటు నూరు నుంచి పాతికకు జారడానికి ఐదు నిమిషాల వ్యవధిలో దాదాపు ఏడు నిమిషాలు, 30 సెకన్ల వ్యవధిలో 42 సెకన్లు. మిగతా ఆరు నిమిషాలూ ఖాళీ చానెల్‌కు డబ్బు కడుతున్నట్టే.

రెండో తప్పు ఎత్తడానికీ దించడానికీ ఒకే గీత పెట్టడం. సగం దగ్గర ఎత్తు, సగం కిందికి వస్తే దించు అన్నామనుకోండి. స్థిరంగా 40 కిలోబిట్ల ట్రాఫిక్ ఉంది. ఒక చానెల్ మీద అది 62 శాతం, కాబట్టి రెండోది లేస్తుంది. ఇప్పుడు మొత్తం 128లో అదే 40 కిలోబిట్లు 31 శాతం. గీత కిందికి పోయింది కాబట్టి రెండోది దిగుతుంది. మళ్లీ 62 శాతం, మళ్లీ లేస్తుంది. ట్రాఫిక్ మారలేదు గానీ కాల్ మీద కాల్, యూనిట్ మీద యూనిట్ పడుతూనే ఉంటాయి.

దించాక మిగిలే ఒక్క చానెల్ ఎత్తే గీతను దాటకూడదు. ఎత్తే గీత 50 శాతమైతే ఒక చానెల్‌కు 32 కిలోబిట్లు. 128లో అది 25 శాతం. కాబట్టి దించే గీత 25 కంటే కిందే ఉండాలి, కొంచెం వెసులుబాటు కోసం 20 పెడితే మేలు. దానికితోడు ‘ఇన్ని సెకన్లు వరసగా కిందే ఉంటేనే’ అనే షరతు కూడా కలపాలి.

రెండు కొసలూ ఒప్పుకోవాలి

చానెళ్లను ఒక మోపుగా కట్టేది మల్టీలింక్ పీపీపీ, 1996 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1990. ప్రతి ముక్కకూ వరస సంఖ్య వేసి పంపితే అవతలివాడు వరసలో పేర్చుకుంటాడు. మోపులో ఒకటి బాగా నెమ్మదైనదైతే చిక్కు వస్తుంది. 64 కిలోబిట్ల మీద వచ్చిన ముక్కలు 9.6 మీద వచ్చే ముక్క కోసం కాచుకుని కూర్చుంటాయి. అందుకే బీ చానెల్ లేచిన వెంటనే డీ చానెల్‌ను పంపడం మానిపించి, వినడానికి మాత్రమే ఉంచుతారు. 64కు 9.6 కలిస్తే 73.6 అవుతుందన్న కూడిక కాగితం మీద బాగుంటుంది, లైను మీద నష్టమే తెస్తుంది.

ఎప్పుడు ఎత్తాలి, దించాలి అన్న బేరం నడిపేది బ్యాప్ అనే ప్రోటోకాల్, 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2125. ఇది లేకపోతే ఏమవుతుందో చూడండి. వాడకందారు పెద్ద ఫైలు దించుకుంటున్నాడు. అతని రూటర్ నుంచి బయటికి పోయేవి చిన్న రసీదులే. తన వైపు లోడ్ మాత్రమే చూసే రూటర్ ‘పని లేదు’ అనుకుని, అవతలివైపు పొంగిపొర్లుతున్న చానెల్‌ను తెంపేస్తుంది. బ్యాప్‌లో అలా తెంపకూడదు. ‘దించనా?’ అని ముందు అడగాలి. అవతల లోడ్ ఉంటే కాదంటుంది.

కాదనడంలోనూ తేడాలున్నాయి. ‘ఇప్పుడు వద్దు’ అంటే కాసేపాగి మళ్లీ అడగవచ్చు. ‘నా పరిమితి అయిపోయింది’ అంటే మొత్తం బ్యాండ్‌విడ్త్ మారేదాకా అడగకూడదు. ‘ఈ పని నాకు రాదు’ అంటే ఇక అడగడమే అనవసరం. ఈ మూడిటినీ ఒకేలా చూసి పదే పదే అడిగే పరికరం సర్వరుకు తలనొప్పి అవుతుంది. ఇద్దరూ ఒకేసారి ఎత్తుదామన్నప్పుడు ఎవరి మాట నెగ్గాలో మొదట్లోనే తేల్చుకుంటారు. ఇద్దరూ చెరో యాదృచ్ఛిక సంఖ్య వేస్తారు, చిన్నది వేసినవాడిదే పైచేయి.

ఇంకో ఉపయోగం ఫోన్ నంబరు. ఇంటర్నెట్ సంస్థ దగ్గర పదుల పీఆర్ఐలు, పలు యాక్సెస్ సర్వర్లు ఉంటాయి. అందరూ ఒకే నంబరుకు చేస్తే మొదటి కాల్ ఒక సర్వరు మీద, రెండోది మరో దాని మీద పడవచ్చు, మోపు కట్టడం కుదరదు. బ్యాప్‌లో సర్వరు ‘రెండో కాల్ ఈ నంబరుకు చెయ్యి’ అని చెప్పగలదు. మొత్తం నంబరు అక్కర్లేదు, తేడా ఉన్న చివరి అంకెలు చాలు.

దిగని లైను

నెలాఖరున బిల్లు చూసి అదిరిపడిన సందర్భాల వెనక పెద్ద ఫైళ్లు అరుదు, చిల్లర ప్యాకెట్లే ఎక్కువ. ఖాళీ సమయ పరిమితి 120 సెకన్లు అని పెట్టారు. లోపలి నెట్‌వర్కులో రిప్ రూటింగ్ ప్రోటోకాల్ నడుస్తోంది, అది 30 సెకన్లకోసారి తన పట్టికను ప్రకటిస్తుంది. 120 నిండేలోపే గడియారం నాలుగుసార్లు సున్నాకు వస్తుంది. చానెల్ ఎప్పటికీ దిగదు. రోజుకు 1,440 నిమిషాలు, నెలకు 43,200 యూనిట్లు, అదీ ఒక్క చానెల్‌కే. విండోస్ యంత్రాలు పేర్ల కోసం 137వ పోర్టులో వేసే కేకలు, సమయం సరిచూసుకునే ప్యాకెట్లు, సైట్ల పేర్లకు చిరునామా అడిగే అంతుచిక్కని డీఎన్ఎస్ ప్రశ్నలు కూడా ఇదే పని చేస్తాయి.

దీనికి మందు, ఏ ట్రాఫిక్‌ను ‘పట్టించుకోదగినది’గా లెక్కించాలో జాబితా ఇవ్వడం. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఆ జాబితా ప్యాకెట్లను అడ్డుకోదు. కాల్ ఎత్తాలా, ఖాళీ గడియారాన్ని సున్నా చేయాలా అని మాత్రమే నిర్ణయిస్తుంది. లైను అప్పటికే లేచి ఉంటే జాబితాలో లేని ప్యాకెట్ కూడా హాయిగా వెళ్లిపోతుంది. అడ్డుకోవాలంటే వేరుగా ఫిల్టర్ పెట్టాలి. ఇలా ఖర్చు పెంచే ప్యాకెట్ ఏదో పట్టుకోవడానికి, లైనును ఏది లేపిందో చెప్పే లాగ్‌ను ఒక రాత్రంతా నడిపి చూస్తే చాలు. ఆఫీసు మూసిన వేళ లేచే ప్రతి కాల్‌కూ కారణం అందులో దొరుకుతుంది.

మన దగ్గర 2000ల్లో బ్యాంకు శాఖల లీజు లైనుకు (అద్దెకు తీసుకున్న శాశ్వత లైను) ఐఎస్‌డీఎన్‌ను తోడుగా పెట్టిన చోట్లా ఇదే నియమం. లీజు లైను బాగై తిరిగొచ్చాక కూడా తోడు లైను దిగకుండా ఉంటే కారణాల్లో ఇది ముందుంటుంది.

వాయిస్ కాల్ విషయం క్లుప్తంగా. రెండు బీ చానెళ్లూ డేటాలో ఉన్నప్పుడు ఫోన్ వస్తే ఆ కబురు డీ చానెల్ మీద అందుతుంది. కాల్ బంపింగ్ తెలిసిన పరికరం ఒక డేటా చానెల్‌ను దించి ఫోన్‌కు ఇస్తుంది. అది లేని చోట పిలిచినవాళ్లకు ‘బిజీ’ వినిపిస్తుంది.

దీని మీద ఉన్న వాదాలు

టెలిఫోన్ సంస్థల వైపు వాదనలో బలముంది. ఎక్స్ఛేంజిలను కొద్ది నిమిషాల మాటల కోసం లెక్కవేసి కట్టారు. గంటల తరబడి పట్టుకునే ఇంటర్నెట్ కాల్స్ సర్క్యూట్లను కబళిస్తే పక్కింటివాళ్లకు డయల్ టోన్ కష్టమవుతుంది. చిల్లర ట్రాఫిక్‌ను ప్యాకెట్ నెట్‌వర్కులోకి మళ్లిస్తే ఆ ఒత్తిడి తగ్గుతుంది.

వాడకందారుల వైపు చూస్తే, డీ చానెల్ ప్యాకెట్ సేవకు ఎక్స్ఛేంజిలో ప్యాకెట్ హ్యాండ్లర్ ఉండాలి, ఇంటర్నెట్ సంస్థకు ఎక్స్.25 లంకె ఉండాలి. రెండూ ఉన్న ఊళ్లు తక్కువ. ఇంత సర్దుబాటు ఎందుకు, ఒక బీ చానెల్‌నే నెలకింత అని ఇచ్చేయొచ్చు కదా అన్నది మూడో వాదం. జపాన్ ఈ దారినే పట్టింది. 1995లో రాత్రి 11 నుంచి ఉదయం 8 దాకా ఎంచుకున్న నంబర్లకు ఒకే రుసుము పెట్టింది, 2000 నాటికి ఫ్లెట్స్ ఐఎస్‌డీఎన్ పేరుతో 64 కిలోబిట్లను రోజంతా ఇచ్చింది. నెలకింత అన్నాక గీతలూ గడియారాలూ అక్కర్లేదు, కానీ ఆ భారం ఎక్స్ఛేంజి మోయాలి. డీఎస్ఎల్ వచ్చి అదే రాగి తీగ మీద సర్క్యూట్ అవసరమే లేకుండా చేశాక ఇళ్ల వరకు ఈ వాదన ఆగిపోయింది. డీ చానెల్ ఒక్కదానితోనే సరిపెట్టుకున్న కార్డు మెషీన్లు మాత్రం ఐరోపాలో చాలాకాలం నిలిచాయి. వాటికి కావలసింది వేగం కాదు, తక్షణం అందుబాటు.

ఇప్పుడు లైను మార్చేవాళ్లు చూడాల్సినవి

పాత రూటర్ కాన్ఫిగరేషన్‌లో ఎక్స్.25 చిరునామా, డీ చానెల్ లంకె కనిపిస్తే అది సన్నటి సందు మీద బతికిన పరికరం. దాని బదులు పెట్టే కనెక్షన్‌కు ఎక్కువ వేగం అక్కర్లేదు, కానీ అవతలి సర్వరు తనంతట తాను పలకరించగల స్థిరమైన దారి కావాలి. మధ్యలో చిరునామా మార్పిడి చేసే రూటర్ పెడితే ఆ పలకరింపు ఆగిపోవచ్చు. ఖాళీగా ఉన్న లంకెను ఆ రూటర్ ఎంతసేపటికి మరిచిపోతుందో చూసి, అంతకంటే తక్కువ వ్యవధికి పలకరింపు ప్యాకెట్లు పెట్టాలి.

కాల్ ఎత్తే, దించే డయలర్ గీతలు, బ్యాప్ ఆజ్ఞలు మాత్రమే ఉంటే అది కాల్స్ మీద బతికిన లైను. దాని లాగ్‌లో రెండో చానెల్ ఎన్నిసార్లు, ఎంతసేపు లేచిందో చూస్తే అసలు అవసరం ఎంతో తేలుతుంది.

చివరగా విద్యుత్తు. ఇంట్లో కరెంటు పోయినా ఐఎస్‌డీఎన్‌లో ఎక్స్ఛేంజి నుంచి వచ్చే కొద్దిపాటి విద్యుత్తుతో, అందుకు సెట్ చేసిన ఒక ఫోన్ పనిచేయగలిగేది. ఫైబర్ గాజు తీగలో ఆ సదుపాయం లేదు. లిఫ్టు ఫోనో అలారమో ఆ లైను మీద ఉంటే ఫైబర్ పెట్టెకూ రూటర్‌కూ కలిపి బ్యాటరీ పెట్టి, మెయిన్ స్విచ్ ఆపి, అది నిజంగా ఎంతసేపు నిలబడుతుందో గడియారం పట్టి చూడాలి.